సూర్యుడు నడిపే జలపాతం: పెరటి కొలనులో విజ్ఞానం

కొండమీంచి దూకే జలపాతాన్ని చూడాలంటే కుంటాలకో, తలకోనకో వెళ్ళాలి. అక్కడ నిలబడి నీళ్ళు కిందికి దూకడం చూస్తాం. ఆ నీళ్ళను అంత పైకి ఎవరు చేర్చారన్న ప్రశ్న మాత్రం మనకు తట్టదు. చేర్చింది సూర్యుడే. సముద్రం మీద పడ్డ ఎండ నీటిని ఆవిరి చేసింది. ఆవిరి మేఘమై, మేఘం కొండమీద వానై, వాన వాగై పల్లానికి దూకింది. అంటే ప్రకృతిలోని జలపాతాలన్నీ సౌరశక్తితో నడిచేవే!

ఇదే పనిని మన పెరట్లో చిన్న స్థాయిలో చేయవచ్చు. ఒక చిన్న కొలను, అందులో ఒక పంపు, గోడ మీద ఒక సౌరఫలకం ఉంటే చాలు. ఎండ వస్తే నీళ్ళు పైకి ఎక్కుతాయి, రాళ్ళ మీదుగా కిందికి దూకుతాయి. కరెంటు బిల్లు ఉండదు. వినడానికి ఎంతో సులువుగా ఉంది కదూ? కానీ దీనిలో ఒక చిక్కు దాగి ఉంది. అది నాకు తెలిసివచ్చిన తీరు ముందుగా చెబుతాను.

ముసురు పట్టిన మూడో రోజు

కొన్నేళ్ళ క్రితం మా పెరట్లో ఇలాంటి కొలను కట్టాను. నడుమెత్తు నుంచి నీళ్ళు దూకేవి. ముచ్చటపడి నలభై గోల్డ్‌ఫిష్‌లు తెచ్చి వదిలాను. వేసవి అంతా అవి హాయిగా తిరిగాయి. శ్రావణమాసంలో వరసగా మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు తెల్లవారుజామున పెరడు ఊడ్వడానికి వెళ్ళిన మా అమ్మ కేకేసింది: "ఒరేయ్, చేపలన్నీ నోళ్ళు తెరుచుకుని పైకి తేలాయిరా, ఒకసారి రా!"

పరుగెత్తుకు వెళ్ళాను. చేపలు నీటి పైపొరకు మూతులు ఆనించి రొప్పుతున్నాయి. అప్పటికే పదకొండు చచ్చిపోయి వెల్లకిలా తేలుతున్నాయి. నేను పంపు తీగలు సరిచూస్తూ కూర్చుంటే, మా అమ్మ చెంబుతో కొలనులోని నీళ్ళే తోడి, చెయ్యెత్తి పైనుంచి ధారగా పోయడం మొదలుపెట్టింది. గంటసేపు ఇద్దరం వంతులవారీగా అలా పోశాం. మిగిలిన చేపలు బతికాయి.

పంపులో లోపం లేదు. ఫలకంలో లోపం లేదు. లోపం నా లెక్కలో ఉంది. ఆ లెక్క ఏమిటో మొదటి నుంచి చూద్దాం.

కొలను ఎక్కడ, ఎంత?

2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, అరమీటరు లోతు ఉన్న కొలనును తీసుకుందాం. దాని ఘనపరిమాణం 1.5 ఘనమీటర్లు, అంటే 1500 లీటర్లు. ఆ నీటి బరువు ఒకటిన్నర టన్ను! కాబట్టి దీన్ని డాబా మీద కట్టే ఆలోచన చేయవద్దు. అరమీటరు లోతు నీళ్ళు చదరపు మీటరుకు 500 కిలోల బరువు మోపుతాయి. ఇళ్ళ శ్లాబులను సాధారణంగా చదరపు మీటరుకు 150, 200 కిలోల అదనపు బరువుకే లెక్కగట్టి పోస్తారు. కొలనుకు నేలే సరైన చోటు.

పెద్ద చెట్టు కింద తవ్వవద్దు. రాలిన ఆకులు నీటిలో కుళ్ళుతాయి, వేళ్ళు అడుగును చీలుస్తాయి. గడ్డపారతో తవ్వాక రాళ్ళు, వేళ్ళ మొనలు ఏరివేసి, రెండంగుళాల మందాన మెత్తని ఇసుక పరచాలి. దానిమీద పొలాల్లో నీటికుంటలకు వేసే మందపాటి ప్లాస్టిక్ పట్టను పరచవచ్చు. పట్ట ఎంత కావాలి? పొడవుకు రెండు లోతులు, రెండువైపులా 30 సెంటీమీటర్ల చొప్పున అంచు కలపండి. 2 + 1 + 0.6 = 3.6 మీటర్లు. వెడల్పుకూ అలాగే కలిపితే 3.1 మీటర్లు.

గట్టు నలువైపులా ఒకే మట్టంలో ఉండాలి. లేకపోతే నీళ్ళు ఒకవైపు పొర్లిపోతూ, రెండోవైపు పట్ట బయటపడుతుంది. పారదర్శకమైన గొట్టంలో నీళ్ళు నింపి మేస్త్రీలు మట్టం చూస్తారే, ఆ పద్ధతే ఇక్కడా పనికివస్తుంది. గొట్టం ఎన్ని వంకలు తిరిగినా రెండు కొనల్లోనూ నీరు ఒకే ఎత్తులో నిలుస్తుంది కదా!

పట్టకు బదులు సిమెంటుతో కడితే ఒక జాగ్రత్త తీసుకోవాలి. కొత్త సిమెంటు నుంచి సున్నం నీటిలోకి దిగి క్షారగుణాన్ని బాగా పెంచుతుంది. రెండు మూడు వారాల పాటు నీళ్ళు నింపడం, పారబోయడం చేశాకే చేపలను వదలాలి. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ పోవడానికి వాటిని కనీసం ఒక రోజైనా నిలవ ఉంచాలి.

నీటిని పైకెత్తడానికి ఎంత సామర్థ్యం కావాలి?

కొలనులోని నీరంతా రెండు గంటలకొకసారి జలపాతం మీదుగా తిరిగి రావాలనుకుందాం. అంటే గంటకు 750 లీటర్లు, సెకనుకు దాదాపు 0.21 కిలోల నీరు. దాన్ని ఒక మీటరు ఎత్తుకు చేర్చాలి. ద్రవ్యరాశిని గురుత్వ త్వరణంతోనూ, ఎత్తుతోనూ హెచ్చవేస్తే చేసిన పని వస్తుందని మీరు చదువుకున్నారు. 0.21 × 9.8 × 1 = సుమారు 2. అంటే సెకనుకు 2 జౌళ్ళు, 2 వాట్లు మాత్రమే!

మరి బజారులో ఈ పని చేసే పంపు మీద 20 వాట్లు అని రాసి ఉంటుందేం? చిన్న పంపుల దక్షత చాలా తక్కువ. తీసుకున్న విద్యుత్తులో పదోవంతు, మహా అయితే అయిదోవంతు మాత్రమే నీటిని ఎత్తడానికి ఉపయోగపడుతుంది. మిగిలినది నీటి సుడులలో, ఘర్షణలో, తీగచుట్టల వేడిమిలో పోతుంది.

పంపు పెట్టె మీద రెండు అంకెలు ఉంటాయి: "గంటకు 1500 లీటర్లు, ఎత్తు 2 మీటర్లు." ఈ రెండూ ఒకేసారి జరగవు. ఎత్తు ఏమీ లేనప్పుడే 1500 లీటర్లు వస్తాయి. 2 మీటర్ల ఎత్తున చుక్క కూడా పడదు. మధ్యలో ఒక మీటరు ఎత్తున ఉజ్జాయింపుగా సగం, అంటే 750 లీటర్లు వస్తాయి. మనకు కావలసింది అదే.

పైపు విషయంలో పిసినారితనం పనికిరాదు. పైపు వ్యాసాన్ని సగం చేస్తే, అంతే నీటిని పంపడానికి ఘర్షణ నష్టం దాదాపు ముప్పై రెట్లు పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల పైపు 3 మీటర్ల పొడవుంటే నష్టం 10 సెంటీమీటర్ల ఎత్తుకు సమానం. అదే 10 మిల్లీమీటర్ల పైపయితే నష్టం 3 మీటర్లు దాటుతుంది. అప్పుడు మన పంపు అంత నీటిని పంపనే లేదు.

నీరు దూకే అంచుగా షాబాదు బండ ముక్కనో, కడప బండ ముక్కనో కాస్త ముందుకు వంచి పెట్టండి. అంచు మరీ వెడల్పయితే గంటకు 750 లీటర్ల నీరు పలచనై, కిందికి దూకకుండా రాతి అడుగున అంటుకుని వెనక్కి జారిపోతుంది. టీ కెటిల్ మూతి నుంచి టీ కిందికి కారిపోయే తీరు ఇదే. నీటి ధారను 5 సెంటీమీటర్ల వెడల్పుకు కుదిస్తే చక్కని తెర పడుతుంది.

ఎండ నుంచి విద్యుత్తు

వెలుతురు విద్యుత్తును పుట్టించగలదని 1839లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్మండ్ బెక్వెరల్ గమనించాడు. కానీ ఉపయోగపడే సిలికాన్ సౌరఘటం రావడానికి 1954 దాకా ఆగవలసి వచ్చింది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ దాన్ని తయారుచేశారు. అది తన మీద పడిన కాంతిశక్తిలో 6 శాతాన్ని విద్యుత్తుగా మార్చింది. ఈనాడు ఇళ్ళ మీద పెట్టే ఫలకాలలో చాలావాటి దక్షత 20 శాతానికి చేరింది.

సిలికాన్ అర్ధవాహకం. కాంతి కణం ఒకటి వచ్చి తగిలితే, పరమాణువుల బంధాల్లో చిక్కుకుని ఉన్న ఎలక్ట్రాన్ విడిపడుతుంది. రెండు రకాల సిలికాన్ పొరలు కలిసే సంధి వద్ద ఒక విద్యుత్ క్షేత్రం ఉంటుంది. అది ఎలక్ట్రాన్‌ను ఒకవైపుకు నెడుతుంది. బయట తీగతో దారి చూపిస్తే విద్యుత్తు ప్రవహిస్తుంది. ఒక్కో ఘటం ఇచ్చేది అరవోల్టు మాత్రమే. అందుకే 12 వోల్టుల పనికి వాడే చిన్న ఫలకంలో 36 ఘటాలను వరసగా కలుపుతారు. అప్పుడు 18 వోల్టుల దాకా వస్తుంది.

ఇలా వరసగా కలపడంలో ఒక ఇబ్బంది ఉంది. ఇరుకైన డొంకదారిలో ఎడ్లబళ్ళు ఒకదాని వెనుక ఒకటి పోతుంటే, ఒక బండి ఆగితే అన్నీ ఆగవలసిందే. అలాగే ఒక్క ఘటం మీద ఆకు అడ్డుపడినా ఫలకమంతా చతికిలబడుతుంది. కొబ్బరిమట్ట నీడ పడేచోట ఫలకాన్ని పెట్టవద్దు. మన అక్షాంశాల్లో దాన్ని దక్షిణానికి తిప్పి, నేలతో 15 నుంచి 18 డిగ్రీల వాలుగా నిలపాలి.

20 వాట్ల పంపుకు 20 వాట్ల ఫలకం చాలదా? చాలదు. ఫలకం మీద రాసే అంకె చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండలో, ఘటం ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచినది. మన ఏప్రిల్ ఎండలో ఘటం 60 డిగ్రీలకు వేడెక్కుతుంది. ప్రతి డిగ్రీకి 0.4 శాతం చొప్పున 14 శాతం తగ్గిపోతుంది. ఉదయం, సాయంత్రం ఎండే సగం ఉంటుంది. అందుకే పంపుకు రెట్టింపుగా, 40 వాట్ల ఫలకాన్ని ఎంచుకోవాలి. 20 శాతం దక్షత ఉంటే దాని వైశాల్యం చదరపు మీటరులో అయిదోవంతే.

మబ్బు పడితే?

ఇప్పుడు నా పొరపాటు దగ్గరికి వద్దాం. దట్టమైన ముసురులో వెలుతురు పదోవంతుకు పడిపోవచ్చు. అప్పుడు 40 వాట్ల ఫలకం 4 వాట్లు ఇస్తుంది. పంపుకు కావలసిన 20 వాట్లలో ఇది అయిదోవంతు. కనుక నీళ్ళు కూడా అయిదోవంతు వస్తాయిలే అనుకున్నాను. అలా జరగదు.

తిరిగే రెక్కలున్న పంపులు ఒక నియమాన్ని పాటిస్తాయి. వేగం సగమైతే నీటి ప్రవాహం సగమవుతుంది, అది నెట్టగలిగే ఎత్తు నాలుగోవంతు అవుతుంది, తీసుకునే సామర్థ్యం ఎనిమిదోవంతు అవుతుంది. అంటే ఎత్తు వేగపు వర్గాన్ని బట్టి, సామర్థ్యం వేగపు ఘనాన్ని బట్టి మారుతాయి. 4 వాట్లతో, అంటే అయిదోవంతు సామర్థ్యంతో తిరిగే పంపు వేగం ఎంత? అయిదోవంతుకు ఘనమూలం కడితే 0.58 వస్తుంది. దాని వర్గం 0.34. కాబట్టి పూర్తి వేగంలో 2 మీటర్లు నెట్టగలిగిన పంపు ఇప్పుడు 68 సెంటీమీటర్లే నెట్టగలదు. నా జలపాతం ఎత్తు ఒక మీటరు! మూడు రోజులూ పంపు సన్నగా రొద పెడుతూనే ఉంది. నీళ్ళు పైపులో మూడింట రెండు వంతులు ఎక్కి అక్కడే నిలిచిపోయాయి.

జలపాతం చేసే అసలు పని

జలపాతం ఆగిపోతే చేపలకేం? ఇక్కడే ఉంది కీలకం. 30 డిగ్రీల వద్ద లీటరు నీటిలో 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే కరుగుతుంది. మన 1500 లీటర్ల కొలను మొత్తంలో ఉండేది 11 గ్రాములు! అంతే పరిమాణం గల గాలిలో సుమారు 400 గ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. చేప ఎంత పేదలోకంలో ఊపిరి తీస్తోందో చూడండి. పైగా నీరు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ ద్రావణీయత తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద 9 మిల్లీగ్రాములు ఉండేది 35 డిగ్రీల వద్ద 7 అవుతుంది.

గాలిలోని ఆక్సిజన్ నీటిలోకి ఉపరితలం గుండానే చేరాలి. నిలకడగా ఉన్న నీటికి ఉపరితలం తక్కువ. నీరు దూకి చింది బిందువులైతే ఉపరితలం ఎన్నో రెట్లవుతుంది. కిందపడ్డ ధార గాలి బుడగలను లోపలికి లాక్కుపోతుంది, అడుగునున్న నీటిని పైకి తెస్తుంది. శ్రీనగర్‌లోని మొగలు తోటల్లో వాలుగా నిలిపిన చెక్కడపు రాళ్ళ మీదుగా నీటిని పారించే 'చాదర్'లు ఉన్నాయి. గరుకు రాతి మీద నీరు నురగలు కక్కుతుంది. కంటికి ఇంపైన ఆ నురగే నీటికి ఊపిరి. మా అమ్మ చెంబుతో చేసింది కూడా సరిగ్గా ఈ పనే.

రాళ్ళు మరో మేలు చేస్తాయి. చేపల విసర్జనలోంచి వచ్చే అమోనియా వాటికే విషం. తడిసిన రాళ్ళ మీద పెరిగే బాక్టీరియా అమోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటును మొక్కలు పీల్చుకుంటాయి. ఈ బాక్టీరియా స్థిరపడటానికి కొన్ని వారాలు పడుతుంది. కొలను నిండిన మర్నాడే చేపలను గుమ్మరించకూడదనేది ఇందుకే. మొదట రెండు మూడు చేపలతో మొదలుపెట్టాలి.

రాత్రి సంగతి

పగలు నీటిమొక్కలు, పాచి కిరణజన్య సంయోగక్రియ జరిపి నీటిలోకి ఆక్సిజన్ వదులుతాయి. రాత్రి ఆ క్రియ ఆగిపోతుంది. కానీ శ్వాసక్రియ ఆగదు. చేపలు, మొక్కలు, పాచి, బాక్టీరియా అన్నీ ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి. అందువల్ల కొలనులో ఆక్సిజన్ మధ్యాహ్నం అత్యధికంగా, సూర్యోదయానికి ముందు అత్యల్పంగా ఉంటుంది. భీమవరం, కొల్లేరు ప్రాంతాల చేపల, రొయ్యల రైతులు ఇది బాగా ఎరుగుదురు. వాళ్ళ చెరువుల్లో నీటిని చిలికే ఏరేటర్లు రాత్రివేళ తిరుగుతుండేది అందుకే.

మన సౌరజలపాతం సరిగ్గా దీనికి వ్యతిరేకంగా నడుస్తుంది. ఆక్సిజన్ పుష్కలంగా ఉన్న మధ్యాహ్నం ఉరకలేస్తుంది. దాని అవసరం పడే తెల్లవారుజామున నిద్రపోతుంది. ఇక ముసురు రోజుల్లో రెండు దెబ్బలూ కలిసే తగులుతాయి. వెలుతురు లేక మొక్కలు ఆక్సిజన్ ఇవ్వవు, అదే వెలుతురు లేక పంపూ నీళ్ళెత్తదు. నా పదకొండు చేపలను చంపింది ఇదే.

దిద్దుబాటు కష్టమేం కాదు. మొదటిది, జలపాతం ఎత్తును అరమీటరుకు తగ్గించాను. పైపు ఘర్షణతో కలిపి 60 సెంటీమీటర్లు. ముసురులో పంపు నెట్టగలిగే 68 సెంటీమీటర్ల కంటే ఇది తక్కువ కనుక సన్నని ధారైనా పడుతుంది. మంచి ఎండలో గంటకు వెయ్యి లీటర్లు దూకుతున్నాయి.

రెండోది, తెల్లవారుజాము కోసం నీటిలోకి గాలి ఊదే 5 వాట్ల చిన్న యంత్రం. రాత్రి రెండు గంటల నుంచి ఆరు దాకా నడిస్తే దానికి 20 వాట్-గంటల శక్తి కావాలి. 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల చిన్న బ్యాటరీలో 84 వాట్-గంటలు ఉంటాయి. సగానికి మించి ఖాళీ చేయకపోతే అది ఎక్కువకాలం మన్నుతుంది. ఆ సగంతో రెండు రాత్రులు గడుస్తాయి. దాన్ని నింపడానికి విడిగా 10 వాట్ల ఫలకం, మధ్యలో ఒక ఛార్జి నియంత్రకం పెట్టాను. జలపాతాన్నే రాత్రంతా నడపాలనుకుంటే దీనికి పదిరెట్ల పైగా శక్తి కావాలి.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఆశను తగ్గించుకోవడం. ఈ కొలనుకు పెరిగిన గోల్డ్‌ఫిష్‌లు పది మించకూడదు. మబ్బు రోజుల్లో మేత మానాలి. తినని మేత కుళ్ళి ఆక్సిజన్‌ను తినేస్తుంది.

మరికొన్ని జాగ్రత్తలు

కొలను దోమల పుట్టిల్లు కారాదు. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ మొదటిసారి చూసింది 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే. కదిలే నీటిలో దోమలు గుడ్లు పెట్టవంటారు కానీ, మూలల్లో నీరు కదలదు. అక్కడి లార్వాలను చిన్న చేపలు తినాలి. నుదుట తెల్లని చుక్కతో మన కుంటల్లో తిరిగే అప్లోచైలస్ జాతి చేపలు ఈ పనికి చక్కగా సరిపోతాయి. పరదేశపు గంబూసియాను గాని, గప్పీలను గాని, గోల్డ్‌ఫిష్‌లను గాని చెరువుల్లో, వాగుల్లో వదలవద్దు. అవి స్థానిక జీవులకు ముప్పు తెస్తాయి. గుర్రపుడెక్కను దగ్గరకే రానివ్వవద్దు. ధార పడే చోటుకు దూరంగా కలువలు వేసుకోండి. వాటి ఆకులు నీటిలో సగాన్ని కప్పితే పాచి అదుపులో ఉంటుంది.

మే నెలలో కొలను నుంచి రోజుకు 10 మిల్లీమీటర్ల దాకా నీరు ఆవిరవుతుంది. 3 చదరపు మీటర్ల కొలనుకు అది 30 లీటర్లు, అంటే రెండు బిందెలు. అయితే ఆ నీరు ఆవిరవుతూ గుప్తోష్ణం రూపంలో 20 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన వేడిని తీసుకుపోతుంది. నీటికి కటకటగా ఉన్న ఊళ్ళో ఈ ఖర్చు తగునా కాదా అన్నది ముందే ఆలోచించుకోవాలి. వాన నీటిని పట్టి నింపగలిగితే మరీ మంచిది.

ఇంట్లో పసిపిల్లలుంటే నీటి ఉపరితలానికి కాస్త కింద గట్టి ఇనుప జాలీ తప్పక బిగించాలి. జానెడు లోతు నీళ్ళు కూడా ప్రాణం తీయగలవు. 12 వోల్టుల పంపు వాడటంలో మరో లాభం ఉంది. నీటిలో చేయి పెట్టినా ఇంటి కరెంటులాగా షాకు కొట్టి చంపే ప్రమాదం ఉండదు.

మీరే చేసి చూడండి

కొలను కట్టే వీలు లేకపోయినా ఒక తొట్టె, 12 వోల్టుల పంపు, ఫలకం ఉంటే బడిలోనే ఒక మంచి ప్రయోగం చేయవచ్చు. ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా గంటకొకసారి, లీటరు చెంబు నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుందో కొలవండి. పైపు కొనను 25, 50, 75, 100 సెంటీమీటర్ల ఎత్తున ఉంచి ఇదే కొలత తీయండి. గ్రాఫు గీయండి. ఏ ఎత్తున జలపాతం పొద్దున ఎన్నింటికి మేలుకుంటుంది, సాయంత్రం ఎన్నింటికి పడుకుంటుంది? మబ్బు కమ్మిన రోజున మళ్ళీ కొలిచి రెండు గ్రాఫులనూ పోల్చండి.

నేను ఆ గ్రాఫును కొలను కట్టాక గీశాను. మీరు ముందే గీయండి.